తగ్గినదన్న మాట

హేమంతఋతువున సముద్రమునుండి లేచిన పొగమంచు కాకినాడ వీధులను కప్పివేసి దీపస్తంభముల వెలుగును మసకబార్చగా పాలవారి సైకిలు గంటలు తప్ప వేఱు సద్దు వినరాని ప్రాతఃకాలమున వృక్షశాస్త్రమును చిరకాలము బోధించి విశ్రాంతి గొన్న గున్నేశ్వరరావుగారు ఒకచేత నడుమును అదిమిపట్టుకొని వేదనాచికిత్సాలయపు మెట్లెక్కుచుండిరి.

ఎక్సురేలును బెల్టులును తైలమర్దనములును కనుగొనలేని యా నొప్పిని వెదకుటకు డాక్టరు మెహరున్నీసాగారు ఒక పరీక్షను నిశ్చయించియుండిరి. “వెన్నుకీళ్లనుండి నొప్పిని మోయు సన్నని నరములచెంత మత్తుమందు వేయుదును. నొప్పి యచ్చటిదేయైన కొన్నిగంటలు శమించును. అపుడు మఱియొకనాడు ఆ నరములను సూదికొనతో కాల్చుదును. శమింపనిచో వేఱుచోట వెదకవలయును. ఇందు నా సూదికంటె మీ మాటయే ముఖ్యము మాస్టారూ” అని యామె ముందే చెప్పిరి.

బోరగిల పరుండిన యాయన పాదములు చల్లబడుట గమనించి సిస్టరు అడుగకయే దుప్పటి కప్పెను. ఎంతకాలమునకో తన పాదముల చలిని వేఱొకరు కనిపెట్టిరని యాయన కన్నులు చెమర్చెను. డాక్టరుగారు బరువైన సీసపు కవచము ధరించి తెరపై ఎముకల నీడలను చూచుచు సూదిని వెండ్రుకవాసి తప్పక నడిపి పని ముగిసిన పిదప చెమటోడ్చుచు “ఇప్పుడు కుర్చీనుండి లేవుడు. ఎట్లున్నది?” అని యడిగిరి.

లేవగానే నొప్పి యెప్పటివలెనే తుంటినుండి తొడకు జాఱెను. కాని తనకొఱకింత శ్రమపడిన బిడ్డకు తగ్గలేదని చెప్పుటకు నోరురాక యాయన “చాల తగ్గినదమ్మా” అనిరి.

“అట్లయిన గురువారము కాల్చివేయుదము.”

ఆయన యలవాటుచొప్పున వెనుకకు చూచిరి. ఏ వైద్యునియొద్దనైన భార్య సుభద్రమ్మ యచ్చటనే నిలిచి “ఆయన మాట పట్టించుకొనకండి డాక్టరుగారూ. రాత్రంతయు మూలిగినారు” అనుచుండెడిది. ఆమె గతించిన నాటినుండి యాయన మూలుగు విన్నవారు లేరు. వెనుక నున్నది ఖాళీ కుర్చీ మాత్రమే.

వసారాబల్లపై కూర్చుండి యాయన యోచించిరి. ఒక మర్యాదమాటకై నిర్దోషములగు నరములు కాలిపోవును. అసలు నొప్పి మఱెవరును వెదకని చోట తనతోడనే మిగిలిపోవును. ఆయన మెల్లగా లేచి మరల లోనికేగిరి.

“ఏమైన మఱచితిరా మాస్టారూ?”

“అబద్ధమాడితినమ్మా. ఇసుమంతయు తగ్గలేదు.”

ఆమె నవ్విరి. “నాకు జాలిమార్కులు వేసితిరా?”

“నా తరగతిలో నెవరిని ఫెయిలు చేసి యెఱుగనమ్మా.”

“నన్ను చేయుడు. నేను ఫెయిలైననే మీకు మేలు.”

మఱుసటి వారము సూది ఇంకను దిగువకు తుంటియెముక వెన్నును కలియు కీలులోనికి పోయెను. ఆయన లేచి నిలిచి నమ్మలేక మరల కూర్చుండి మరల లేచిరి. నొప్పి లేదు. డాక్టరుగారు మాత్రము సంతోషమును దాచుకొని “ఇంటియొద్ద నెవరున్నారు?” అని యడిగిరి.

“ఎవరును లేరమ్మా.”

“అట్లయిన మేమే ఫోను చేసి యడుగుచుందుము. ఉన్నదున్నట్లు చెప్పుడు.”

ఆ మధ్యాహ్నము ఫోను మ్రోగినపుడెల్ల ఆయన “నొప్పి లేదు” అనిరి. సంజవేళ వీధిదీపములు వెలుగునప్పటికి మందు బలము తీఱి పరిచితమైన యా పోటు తుంటిని మెల్లగా తడవెను. అంతలో ఫోను మ్రోగెను. ఈమాఱు డాక్టరుగారే.

తగ్గినదను మాట పెదవులదాక వచ్చెను. ఆయన దానిని మ్రింగి “తిరిగివచ్చినదమ్మా” అనిరి.

“మంచిది మాస్టారూ. మందు దిగవలసిన వేళకే వచ్చినది. చోటు దొరికినది. ఇక దానికే వైద్యము చేయుదము. పూర్తిగా పోవునని మాట యియ్యలేను గాని చాలవఱకు లొంగును.”

ఫోను పెట్టిన పిదప గున్నేశ్వరరావుగారు చీకటి క్రమ్ముచున్న గదిలో గోడను పట్టుకొని నిలిచిరి. దేహబాధకంటె దానిని దాచుకొను నేకాంతము గొప్ప రోగము. నొప్పి యచ్చటనే యుండెను. కాని యది యెచ్చట నున్నదో ఆ పట్టణమున ఇప్పుడు మఱియొకరు కూడ నెఱుగుదురు.