బీయున్ లాండ్రీలో ఎడారి గాలి

దీవి ఉత్తరపు కొసనున్న రేవు ఊరు కీలుంగ్‌లో వాన మొదలైందని ఎవరూ చెప్పుకోరు. ఆగితే మాత్రం ఒకరికొకరు ఫోన్ చేసి మరీ చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో పది మంది బట్టలుతికి ఆరబెట్టి బతకాలనుకోవడం మొండితనమే. బీయున్ మొండిది. రేవు వెనక సందులో ఆమె లాండ్రీ మొదలుపెట్టి చాలా ఏళ్లయింది.

పొద్దున్నే షట్టర్ ఎత్తి, పొయ్యి మీద అల్లం బెల్లం కషాయం పడేసి, బీయున్ మొదట చేసే పని ల్యాప్‌టాప్ తెరవడం. దండేల చివర ఒక ఎత్తుపీట, దాని మీద ఆ నల్లటి బరువైన గేమింగ్ ల్యాప్‌టాప్. ఆట తెరుచుకుంటే తెల్ల అంగీ వేసుకున్న మంత్రగత్తె ఒకతె ఎడారిలో విరిగిన రాతి స్తంభం పక్కన నిలబడి ఉంటుంది. ఆమెను అక్కడ నిలబెట్టి వదిలేస్తే చాలు, ల్యాప్‌టాప్ వెనక కంతల్లోంచి ఎడారి గాలి పొడిగా, వేడిగా వీస్తుంది. దుప్పట్లు మధ్యాహ్నానికల్లా పెళపెళలాడతాయి. ఆమె ఎవరితోనూ యుద్ధం చెయ్యదు, ఎక్కడికీ కదలదు. ఎలా కదలాలో బీయున్‌కి తెలియదు కూడా.

ఎదురుగా చేప ఉండల సూప్ అమ్మే షూమన్ కూడా తన కొడుకు ల్యాప్‌టాప్‌తో ఇదే చేద్దామని చూసింది. ఆటలో ఆ కొడుకు ఎప్పుడూ మంచు కొండల మీదే తిరుగుతాడు. సరే పోనీ అని దాన్ని చేపల బుట్ట పక్కన పెట్టుకుంది, ఐసు ఖర్చు తగ్గింది.

గాలి బయటికి వచ్చినట్టే లోపలికీ పోతుంది. ఇస్త్రీ పెట్టె ఆవిరి పొరపాటున ల్యాప్‌టాప్ అడుగున ఉన్న కంతల్లోకి వెళ్తే, తెర మీద ఎడారి ఆకాశంలో అరచేతంత మబ్బు పుట్టి కాసేపు తిరుగుతుంది. అందుకే బీయున్ ఇస్త్రీ బల్లను దూరంగా పెట్టుకుంది. కొన్ని సాయంత్రాలు మాత్రం ఆ గాలిలో లీలగా పుదీనా తైలం వాసన వచ్చేది. ల్యాప్‌టాప్ పాతది, దాని మీటల్లో ఇంకిన వాసన అయ్యుంటుందని ఆమె అనుకునేది. ఎందుకంటే ల్యాప్‌టాప్ కూతురిది, తలనొప్పి వచ్చినప్పుడల్లా కణతలకి ఆ తైలం రాసుకునేది కూతురే.

కూతురి పేరు వాన్‌జెన్. చిన్నప్పుడు తల్లి ఏప్రన్ పట్టుకుని వదిలేది కాదని షాపుకొచ్చేవాళ్లంతా "క్లిప్పు" అనేవాళ్లు. నర్సింగ్ చదువు మధ్యలో మానేసి కంప్యూటర్ ఆటల జట్టులో చేరతానన్నప్పుడు బీయున్ నోరు జారింది. "ఆటలు కూడు పెడతాయా? వెళితే వెళ్లు, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు" అంది. వాన్‌జెన్ ల్యాప్‌టాప్ ఇక్కడే వదిలేసి, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఫోన్ నంబరు మార్చేసింది. రెండేళ్లు దాటింది. ఆటలు కూడు పెడతాయని ఇప్పుడు ఆ తల్లికి రోజూ తెలుస్తూనే ఉంది, చెప్పుకోడానికి ఎదురుగా మనిషి లేదు.

తైచుంగ్‌లో ఉన్న అక్క వారం వారం ఫోన్ చేసి, "ఆ బూజు పట్టిన ఊళ్ళో ఏముందే నీకు? ఇక్కడ ఎండ కాస్తుంది, వచ్చెయ్" అనేది.

"నాకు ఎండ పడదక్కా" అనేది బీయున్.

అసలు సంగతి వేరు. వాన్‌జెన్‌కి తెలిసిన గుమ్మం ఇదొక్కటే. ఇది మూసేస్తే ఆ పిల్ల ఎప్పుడైనా మనసు మార్చుకుని వస్తే ఎవరి తలుపు కొడుతుంది? షాపు నడిచినన్నాళ్లే ఆ గుమ్మం ఉంటుంది, గాలి వీచినన్నాళ్లే షాపు నడుస్తుంది.

ఆ గాలి చలికాలం వానల్లో మొరాయించింది. ఆట తయారుచేసేవాళ్లు దాన్ని పెద్దది చేసి పంపారట. ఎడారి ఇసుక మరింత మెరిసింది గానీ, గాలి ఆయాసపడే మనిషిలా ఆగి ఆగి వచ్చింది. తెర గడ్డకట్టినప్పుడల్లా గాలీ గడ్డకట్టేది. రేవు దగ్గరి లాడ్జి దుప్పట్లు తడి తడిగానే వెళ్లాయి. లాడ్జివాళ్లు మర్యాదగానే ఇంకో లాండ్రీ చూసుకుంటామన్నారు. వానలు తగ్గేలోగా ఇది బాగుపడకపోతే తాళాలు షాపు ఓనరుకి ఇచ్చేసి తైచుంగ్ బండెక్కడమేనని బీయున్‌కి అర్థమైంది.

"మెమరీ చాలట్లేదంతే అక్కా. మా వాడు అదే అంటున్నాడు" అంది షూమన్. "ఇంకో మెమరీ స్టిక్ పడేస్తే సరి. స్టేషన్ వెనక పాత సామాన్ల బండి ఉందిగా, వాడే పెట్టిస్తాడు."

బీయున్ వెళ్లి పెట్టించుకొచ్చింది. ఆ పూట గాలి హాయిగా వీచింది. షూమన్ గర్వంగా సూప్ పంపింది. మర్నాడు బడి బ్యాండు మేళం పిల్లల తెల్ల చొక్కాలు దండెం మీద ఉండగా, వేడిగాలి మధ్యలో ఒక్కసారిగా చలి కొట్టింది. కంతల్లోంచి వడగళ్లు టపటపా రాలాయి. తర్వాత బూడిద, దాని వెనక ఎండ, మళ్ళీ వడగళ్లు. ఆఖరికి తెర నీలంగా మారి గాలి చచ్చిపోయింది. బీయున్ చొక్కాలన్నీ మళ్ళీ ఉతుకుతున్నంతసేపూ షూమన్‌ని తిట్టింది.

రాత్రిళ్లు తెరిచే బజారు మొదట్లో కంప్యూటర్లు బాగుచేసే గ్వోడాంగ్ దగ్గరికి వెళ్లింది గానీ ల్యాప్‌టాప్ అతని దగ్గర వదలనంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ప్రతిదానికీ నసుగుతాడు. ఆ నసుగుడుతోనే సంచీ సర్దుకుని ఆమె వెంట షాపుకి వచ్చాడు.

"ఎవరు పెట్టారు పిన్నీ ఇది?" తెర మీద మెమరీ వివరాలు చూస్తూ మొహం చిట్లించాడు. "పాతదొక వేగం, కొత్తదొక వేగం. పరిగెత్తేవాడి కాలికీ కుంటేవాడి కాలికీ కలిపి తాడు కడితే ఎలా నడుస్తారు? పడతారు. పడినప్పుడల్లా నీకు వడగళ్లు."

"షూమన్ చెప్పింది."

"నా మీదకి తోసెయ్ అక్కా, తోసెయ్" గుమ్మంలోంచి అంది షూమన్. ఆమె అక్కడే ఉందని ఇద్దరూ చూసుకోలేదు.

"రెండూ తీసేసి, ఒకే రకం జత పెడదాం. రెండూ ఒకే వేగం, ఒకే బలం" అన్నాడు గ్వోడాంగ్.

బీయున్ చెయ్యి ల్యాప్‌టాప్ మీదే ఉంది. "పాతది తీసేస్తే... అది మర్చిపోదూ?"

"ఏది?"

"అదే, ఆ పిల్ల చేసిన తెల్ల అంగీ మనిషి. అది ఎక్కడ నిలబడిందో. మెమరీ అంటున్నావుగా."

గ్వోడాంగ్ నసగడం మానేశాడు. షాపంతా ఓసారి చూసి, "ఇదిగో పిన్నీ, నీ బీరువా వేరు, ఇస్త్రీ బల్ల వేరు. బట్టలన్నీ ఉండేది బీరువాలో. బల్ల మీద పరుచుకునేది ఆ పూట పని మాత్రమే. నేను మార్చేది బల్లని. బీరువా జోలికి పోను. బల్ల పెద్దదైతే ఒకేసారి ఎక్కువ పరుచుకోవచ్చు, అంతే తేడా" అన్నాడు.

ఆ మాట ఆమెకి నచ్చింది. చెయ్యి తీసింది.

షాపులో గాలి ఇంకా పొడిగానే ఉంది. నైలాన్ దుప్పటి ముట్టుకుంటే చురుక్కుమంటోంది. "ఈ ఊళ్ళో నిప్పురవ్వకి భయపడాల్సిన చోటు ఇదొక్కటే" అంటూ గ్వోడాంగ్ తలుపులు బార్లా తెరిపించి, వాన తేమ లోపలికి రానిచ్చాడు. గోడ అద్దం మీద ఆవిరి పట్టాక, ఒంట్లో నిప్పురవ్వ ఉంటే పోయేలా కుళాయి గొట్టం ఓసారి ముట్టుకుని, అప్పుడు అడుగు మూత విప్పాడు. బ్యాటరీ తీగ ఊడదీసి పాతవి రెండూ లాగేశాడు. కొత్త స్టిక్‌ని ఏటవాలుగా దూర్చి, మెల్లగా కిందికి వంచితే రెండు పక్కలా చిన్న కొక్కేలు టక్కుమని పట్టుకున్నాయి. రెండోదీ అంతే. బ్యాటరీ తీగ తగిలించి, మూత బిగించి మీట నొక్కాడు.

తెర నల్లగానే ఉంది.

"చచ్చింది" అంది షూమన్. "ఆపి మళ్ళీ వెయ్యి."

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు గ్వోడాంగ్. "కొత్త కోడలు వంటింట్లోకి వచ్చినట్టు. ఏ డబ్బా ఎక్కడుందో చూసుకోనివ్వాలి. ఈ టైములో ఆపేసేవాళ్ల వల్లే సగం మెషీన్లు నా దగ్గరికి వస్తాయి." అటూ ఇటూ చూసి, "ఆకుపచ్చ ప్యాకెట్ ఏదీ?" అన్నాడు.

యంత్రం బుద్ధిగా పనిచెయ్యాలంటే పక్కన ఆకుపచ్చ ప్యాకెట్‌లో వచ్చే కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌లు పెట్టాలని ఆ దీవిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. బీయున్ పీట కింద నుంచి తీసిచ్చింది. గ్వోడాంగ్ తిప్పి చూసి తల పట్టుకున్నాడు. "పోయిన ఏడాదే గడువు దాటింది పిన్నీ! వడగళ్లు పడక ఏం పడతాయి?"

షూమన్ వానలోనే పరిగెత్తి కొత్త ప్యాకెట్ తెచ్చింది. అది పీట మీద పెట్టారో లేదో, తెర వెలిగింది. ప్యాకెట్ వల్లనో, ఓపిక వల్లనో అన్నదాని మీద షూమన్, గ్వోడాంగ్ తర్వాత చాలాసార్లు వాదించుకున్నారు.

గ్వోడాంగ్ అంతటితో వదల్లేదు. మధ్యాహ్నమంతా మెమరీకి పరీక్ష పెట్టి, సూప్ తాగుతూ కూర్చున్నాడు. ఒక్క తప్పూ రాలేదు. దీపాలు పెట్టే వేళకి ఆట తెరిచాడు. తెల్ల అంగీ మనిషి స్తంభం పక్కనే ఉంది. గాలి వీచింది. తడబాటు లేని నిండైన గాలి. దండెం మీది చొక్కాల చేతులన్నీ ఒకేసారి పైకి లేచాయి.

గ్వోడాంగ్ ఆట సెట్టింగులు చూస్తూ, "ఇదేంటి, ఇతర ఆటగాళ్లను చూపవద్దు అని టిక్కు పెట్టారు?" అన్నాడు.

"నాకేం తెలుసు? ఆ పిల్ల పెట్టుకుందేమో, అప్పట్లో కూడా ఆగిపోతోందని విసుక్కునేది."

"ఇప్పుడు అక్కర్లేదు, బల్ల పెద్దదైందిగా" అని టిక్కు తీసేశాడు.

ఇన్నేళ్లూ ఖాళీగా కనబడిన ఎడారి నిండా జనం. దిబ్బల మీద, స్తంభాల నీడల్లో, వరసలు వరసలుగా. ఒకాయన వైపు నుంచి ఎండు స్క్విడ్ చేపల వాసన, ఇంకొకరి వైపు నుంచి ఆరబెట్టిన సేమియా వాసన గాలిలో వచ్చాయి. షూమన్ నోరు తెరిచింది. "ఇంతమందా? మనమే తెలివైనవాళ్లం అనుకున్నామక్కా!"

బీయున్ అదేదీ వినలేదు. తెల్ల అంగీ మనిషి కాళ్ల దగ్గర, ఇసుకలో మోకాళ్లు ముడుచుకుని, గడ్డి టోపీ పెట్టుకున్న ఒక పిల్ల కూర్చుని ఉంది. గాలిలో పుదీనా తైలం వాసన గుప్పుమంది.

"ఆ పిల్ల తల మీద ఏం రాసుంది? నాకు అక్షరాలు ఆనట్లేదు" అంది బీయున్.

"పేరు. క్లిప్పు అని ఉంది."

షూమన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టోపీ పిల్ల పక్కన ఒక మాట మెరిసింది. గ్వోడాంగ్ చదివాడు. "అమ్మా, ఈరోజు చాలా బట్టలున్నాయా? అంటోంది." పాత మాటలు పైకి జరిపి చూసి, "రోజూ అడుగుతున్నట్టుంది పిన్నీ. జవాబు కోసం అడిగినట్టు లేదు" అన్నాడు.

"కూర్చోవాలంటే ఏం నొక్కాలి?" అంది బీయున్.

అతను చూపించిన మీటని ఆమె రెండు వేళ్లతో నొక్కింది. ఇన్నేళ్లూ నిలబడే ఉన్న తెల్ల అంగీ మనిషి, మోకాళ్లు వంచి, ఆ పిల్ల పక్కన ఇసుకలో కూర్చుంది. టోపీ పిల్ల దిగ్గున లేచింది. మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. గ్వోడాంగ్ వరసగా చదివాడు.

"అమ్మా? నువ్వేనా? ఇన్నాళ్లూ పలకలేదేం? జట్టు ఎప్పుడో విడిపోయింది, తైపేలో ఒక్కదాన్నే ఉన్నా, ఏ మొహం పెట్టుకుని రాను? నువ్వు పలక్కపోయినా, నా పక్కనుంచి కదిలి వెళ్లిపోలేదు కదా అని రోజూ వచ్చాను."

బీయున్‌కి ఏడుపు ఆగలేదు. "కనబడలేదని రాయి. నాకు కనబడలేదే తల్లీ అని రాయి." అతను రాస్తున్నాడు గానీ ఆమెకి అది చాలలేదు. గబగబా పొయ్యి దగ్గరికి వెళ్లి, కాగుతున్న అల్లం కషాయం గిన్నెడు తెచ్చి ల్యాప్‌టాప్ అడుగు కంతల దగ్గర పెట్టింది. ఆవిరంతా లోపలికి పోయింది. ఎడారి ఆకాశంలో ఒక చిన్న మబ్బు లేచి టోపీ పిల్ల నెత్తి మీదికి వచ్చింది. ఆ పిల్ల మొహం పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

తెర మీద ఒక మాట వచ్చింది. "అల్లం ఎక్కువైందమ్మా" చదివాడు గ్వోడాంగ్.

బీయున్ ఏడుస్తూనే నవ్వింది. ఆ పిల్ల చిన్నప్పుడు ముక్కు మూసుకుని తాగేది. "ఎక్కువో తక్కువో వచ్చి తాగి చెప్పమని రాయి. గుమ్మం నేనే తుడిచి ఉంచానని రాయి."

అతను రాశాడు. టోపీ పిల్ల మాయమైపోయింది. ఇసుకలో కూర్చున్న గుంట మాత్రం మిగిలింది.

"ఏదీ? ఎటు పోయింది?" బీయున్ తెరని పట్టుకుని ఊపినంత పని చేసింది.

"ఆట మూసేసింది పిన్నీ" అన్నాడు గ్వోడాంగ్, స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుంటూ. "తైపే నుంచి ఇక్కడికి రైలెక్కాలంటే మూసెయ్యాలి కదా."

బయట వాన కురుస్తూనే ఉంది. వచ్చే పిల్లకి ఈసారీ గొడుగు ఉండదు. బీయున్ దండెం మీద నుంచి పెద్ద తువ్వాలు ఒకటి తీసి, ఎడారి గాలికి ఎదురుగా రెండు చేతులా పట్టుకుని నిలబడింది.