బదనిక కాదు, వాండా

నాకు కోపం ఎక్కువ. ఇది నేను ఒప్పుకున్న సంగతి కాదు, మందమర్రిలో మా కాలనీ అంతా కలిసి తీర్మానించిన సంగతి. బళ్ళో పిల్లలు ఎదురుగా స్వరూప టీచర్ అంటారు, వెనకాల మిరపకాయ టీచర్ అంటారు. తెలిసినా ఊరుకున్నాను. మొన్న సెప్టెంబరులో ఆ కోపం నన్ను ఎక్కడిదాకా పరుగెత్తించిందో చెప్తాను.

మా క్వార్టర్ వెనక మామిడిచెట్టు కొమ్మ మీద ఒక వాండా మొక్క ఉండేది. ఆర్కిడ్ జాతి. దానికి మట్టి అక్కర్లేదు. కొమ్మకు వేళ్ళు చుట్టుకుని గాలీ వానా తాగి బతుకుతుంది. పువ్వు చూడ్డానికి గొప్పదేం కాదు, పాచి పసుపు మీద గోధుమ రంగు గళ్ళు. కానీ ఎండెక్కితే చాలు, మాగిన ద్రాక్షపళ్ళ బుట్ట ఎవరో వాకిట్లో దించినట్టు వాసన.

అది నేను పుట్టిన మా ఊరి మొక్క. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కింద పోయింది, ఊరున్న చోట పెద్ద బొంద ఉంది. చెట్లు కొట్టే ముందురోజు నన్ను కన్న మా బాపు రాయమల్లు ఇప్పచెట్టెక్కి ఈ ఒక్క మొక్కను తీసి, తువ్వాలలో చుట్టి తెచ్చి మా మామిడికి కట్టాడు. ఆయన పోయి ఆరేళ్ళు. ఊరు లేదు, బాపు లేడు, ఆ వాసన ఒక్కటి మిగిలింది.

ఆ వానాకాలం మొక్కకు మొవ్వ కుళ్ళు పట్టింది. ఇక పూయదు. అదృష్టం కొద్దీ వేసవిలోనే దాన్ని సంకరం చేశాను. మెట్‌పల్లిలో నా మొక్కల స్నేహితురాలు అజీజా ఆపా మేడ మీద నీలం వాండాలు పెంచుతుంది. పువ్వు అరచేయంత ఉంటుంది, ముక్కు ఆనించినా వాసన మాత్రం సున్నా. ఆ పువ్వులోని పుప్పొడి ముద్దను అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి, అగ్గిపుల్లతోనే మా పువ్వు గొంతులో అంటించాను. రంగు ఆపా ఇంటిది, వాసన మా ఊరిది కావాలని నా ఆశ. అంతకుముందు అయిదేళ్ళూ ఇదే చేస్తే ప్రతిసారీ కాయ పసుపుబారి రాలిపోయింది. ఈసారి చిటికెన వేలంత కాయ ఒకటి నిలిచింది.

ఆ కాయలో దుమ్ములాంటి విత్తనాలు లక్షల్లో ఉంటాయి. మట్టిలో చల్లితే ఒక్కటీ మొలవదు, ప్రయోగశాలలో సీసాల్లో మొలిపించాలి. అందుకు కాయ పగలకముందే కోయాలి. నూట అరవై రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టాను. నేను చెప్పబోయే రోజుకు మర్నాడు పొద్దున ఆపా వచ్చి దాన్ని హైదరాబాదు ప్రయోగశాలకు పట్టుకుపోవాలి. గుర్తుకని కాయ కాడకు కట్టిన చీటీ వానకు ఊడిపోతే, మా అత్తమ్మ సారక్క వేములవాడ రాజన్న గుడి నుంచి తెచ్చిన ఎర్రదారం చేతికందింది. అదే కట్టాను.

మా అత్తమ్మకూ నాకూ ఆ మొక్క పేరు దగ్గరే రోజూ తగువు.

"నీ బదనికకు నీళ్ళు కొట్టిన్నే" అనేది.

"బదనిక కాదు అత్తమ్మా, వాండా. బదనికంటే చెట్టు రసం తాగి చెట్టునే చంపుతది. ఇది ఊకె కొమ్మ మీద కూసుంటది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"వాండనో గీండనో. చెట్టు మీద మొలిచిందల్లా మాకు బదనికే."

సైన్సు టీచర్ ఇంట్లో ఈ మాటా! నాకు ఒళ్ళు మండేది.

నిజం బదనికలు కూడా మా మామిడి మీద ఉన్నాయి. నాలుగు కొమ్మలు ఎండగొట్టాయి. ఆ రోజు పొద్దున కొమ్మలు కొట్టే పరశురాములు గొడ్డలి, నిచ్చెన వేసుకుని వచ్చాడు. నేను బడికి వెళ్ళే తొందరలో ఉన్నాను.

"మామిడి మీద బదనిక మొత్తం తియ్యి. ఒక్కటంటే ఒక్కటి ఉంచినవనుకో, నీకు నాకు పడది" అని చెప్పి స్కూటీ ఎక్కాను. వాండా సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్తాను? నా లెక్కలో అది బదనిక కాదు కదా.

రెండో పీరియడ్‌లో ఫోన్ మోగింది.

"టీచరమ్మా, గీ ఒక్క బదనికకు..."

"పరశురాములూ! పొద్దున ఏం చెప్పిన? ఒక్కటి ఉంచద్దన్న. ప్రతిదానికి ఫోనేనా? నాకు క్లాసున్నది!"

పెట్టేశాను. మళ్ళీ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

నాలుగున్నరకు ఇంటికొచ్చి గేటు తీస్తూనే చెట్టు వైపు చూశాను. తల దువ్విన పిల్లలా శుభ్రంగా ఉంది. బాపు కట్టిన కొమ్మ మీద తెల్లటి గీతలు మాత్రం మిగిలాయి, వేళ్ళు ఊడిన చోట.

"అత్తమ్మా! నా వాండా ఏది?"

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి గడపలోనే ఆగిపోయింది.

"పరశురాములు తీసిండు బిడ్డా. ఒక్కటి ఉంచద్దని నువ్వే అన్నవంట. నేనద్దన్న. 'టీచరమ్మ ఫోన్ల ఒర్రింది, నాకు భయమైతంది' అన్నడు. నీ మాట మీద మాటంటే నువ్వు ఊకుంటవా?"

"ఏడ పడేసిండు?"

"పడేస్తడా? దానికి రాజన్న దారముండె. ఏం మొక్కుకుని కట్టినవో ఏమో. చెత్తల ఎయ్యద్దు, పారే నీళ్ళల్ల కలుపాలె అని నేనే చెప్పిన. గోదారికి పోయిండు, గిప్పుడే, అరగంటాయె."

నేను దారం కట్టింది గుర్తుకు. వీళ్ళకది వేములవాడ రాజన్న మొక్కు. అది కూడా నేనే చేశాను, నా చేతులతో నేనే. చెప్పు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు, స్కూటీ తిప్పాను.

పరశురాములు ఫోన్ మోగుతోంది, ఎత్తడు. మంచిర్యాల రోడ్డు మీద బొగ్గు లారీలు వరస కట్టి ఉన్నాయి. తుప్పర మొదలైంది. నల్లటి బురద కళ్ళద్దాల మీద పడుతుంటే కొంగుతో తుడుచుకుంటూ లారీల పక్కన సందులోంచి దూరాను. ఒక డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "సచ్చిపోతవమ్మా!" అని అరిచాడు. అరవనీ. అయిదేళ్ళు రాలిన కాయలు, నూట అరవై రోజులు, బాపు తువ్వాల, అన్నీ బుర్రలో గిర్రున తిరుగుతున్నాయి. ఆగు పరశురాములూ, ఒక్క పది నిమిషాలు ఆగు, బీడీ కాల్చుకో, ఎవరితోనన్నా ముచ్చట పెట్టుకో అని దారి పొడుగునా బతిమాలుకున్నాను. ఎదురుగా ఉన్న మనిషిని నేను అలా ఎన్నడూ బతిమాలలేదు.

గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. మెట్ల దగ్గర నడుం లోతు నీళ్ళలో పరశురాములు నిలబడి ఉన్నాడు.

"ఆగు! పరశురాములూ, ఆగు!"

ఇటు తిరిగాడు. రెండు చేతులూ ఖాళీ. ఆయన వెనకాల, చాలా దూరంలో, పచ్చగా ఏదో ఒకటి సుడిలో రెండు చుట్లు తిరిగి మునిగింది. నేను నీళ్ళలోకి దూకబోతే పైకొచ్చి జబ్బ పట్టి వెనక్కి లాగాడు.

"పిచ్చి లేసిందా టీచరమ్మా? వరదున్నది!"

"ఇడువు నన్ను! కండ్లు లేవా నీకు? బుద్ధి లేదా? అది బదనికనా? మా బాపు తెచ్చిన మొక్క అది! మా ఊరిది! మొత్తం ముంచినవ్ గద!" ఇంకా చాలా అన్నాను. రాయకూడని మాటలు కూడా. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. నాకు ఊపిరి అందక ఆగితే అప్పుడన్నాడు పరశురాములు.

"మూడుసార్లు ఫోన్ చేసిన టీచరమ్మా. దారమున్నది, ఉంచాల్నా తియ్యాల్నా అని అడుగుదామని."

మెట్టు మీద కూలబడి ఏడ్చాను. నలుగురు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

పరశురాములు తలకు చుట్టిన రుమాలు విప్పాడు. మడతలో మడత, మడతలో మడత. లోపల చిటికెన వేలంత కాయ, కాడతో సహా. ఎర్రదారం ముడి అలాగే ఉంది.

"మొక్కను కలిపిన. గిది కలుపలే. రాజన్న దారం కట్టినోళ్ళే ముడి విప్పాలె గద. నీ మొక్కు నడుమ నేనెవన్ని?"

రెండు చేతులతో తీసుకున్నాను. పచ్చగా, గట్టిగా ఉంది. ఎక్కడా పగుళ్ళు లేవు. తిప్పి తిప్పి చూశాను.

"ఏం మొక్కుకున్నవమ్మా?" అన్నాడు మెల్లగా.

ఎన్నడూ మొక్కు మొక్కని దాన్ని. "మా ఊరి వాసన పోవద్దని" అన్నాను. "తిట్టిన. మనసుల పెట్టుకోకు, అన్నా."

మర్నాడు ఆపా కాయ తీసుకుపోయింది.

మొన్న జనవరిలో ఎనిమిదో తరగతికి పాఠం చెప్తుంటే ఫోన్ మోగింది. చాక్‌పీస్ పెట్టేసి ఎత్తాను. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ప్రయోగశాలలో పనిచేసే అలేఖ్య అనే అమ్మాయి.

"మేడం, సీసాల్లో పచ్చగా మొలిచాయి. చాలా ఉన్నాయి. చీటీ మీద ఏం పేరు రాయమంటారు?"

"బదనిక" అన్నాను.

"బదనికా? మేడం, అది పరాన్నజీవి కదా. చెట్ల రసం తాగే మొక్క. మీది వాండా మేడం, బదనిక కాదు" అంది, నాకు పాఠం చెప్తున్నట్టు.

నాకు కోపం రాలేదు.

"మా దిక్కు గట్లనే అంటరు బిడ్డా" అన్నాను. "గదే రాయి."