పూజగదిలో ఆరిన అతుకు

నాలుగేళ్ళుగా ఫణి ఎదురుచూసిన ఫోను జనవరిలో వచ్చింది.

"కొత్త విమానానికి రెక్క అతికించేశాను. మూసేముందు నువ్వొచ్చి చూసి సైన్ చెయ్యాలి" అన్నాడు మానవ్.

అమెరికాలో, అరోరా ఊళ్ళో ఇంట్లోనే విమానాలు కట్టుకునేవాళ్ళ క్లబ్బులో తనిఖీ చేసేవాళ్ళు ఇద్దరే, అందులో ఫణి ఒకడు. రెండో ఆయన చలికి ఆగలేక ఫ్లోరిడా చెక్కేశాడు. లేకపోతే మానవ్ చచ్చినా ఫణిని పిలిచేవాడు కాదు.

ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాడు? మొదటి విమానం ఇద్దరూ కలిసి ఫణి గరాజ్‌లోనే కట్టారు. మూడు చలికాలాలు వేళ్ళు కొంకర్లు పోయేలా పని చేశాక, కట్టినవాడిగా కాగితాల మీద మానవ్ తన పేరొక్కటే రాసుకున్నాడు. "ఫణి కూడా ఏదో హెల్ప్ చేశాడులే" అని నలుగురిలో నవ్వాడు కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఫణికి ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

శనివారం పొద్దున్నే వెళ్ళాడు. మానవ్ గరాజ్‌లో మాట్లాడితే నోట్లోంచి పొగలొస్తున్నాయి. మూల హీటర్ చల్లగా పడి ఉంది.

"హీటర్ లేకుండానే అతికించావా?"

"పాడైంది. అమ్మ దశమి నాడు ముహూర్తం పెట్టించింది, పోస్ట్‌పోన్ చేస్తే ఊరుకుంటుందా? టెస్ట్ పీస్ చూడు, పర్ఫెక్ట్."

రెక్కకు వాడిన జిగురుతోనే రెండు చెక్కముక్కలు అతికించి, రెక్క పక్కనే ఆరబెట్టి, తర్వాత విరిచి చూడడం పద్ధతి. చెక్క విరగాలి గాని అతుకు ఊడకూడదు. ఫణి విరిచాడు. చెక్కే విరిగింది. అయితే ముక్క మీద కుంకుమ బొట్టు ఉంది.

"ఇదెక్కడ ఆరింది?"

"పూజగదిలో. అమ్మ దేవుడి దగ్గర పెట్టింది."

ఆ మాట అనేసి మానవ్ ఫోను చూసుకుంటూ అటు తిరిగాడు. ఇంట్లో వెచ్చదనానికి ముక్కలో జిగురు గట్టిపడింది. ఈ చలికి రెక్కలోది గట్టిపడదు. ఫణి లోపలి అతుకును గోటితో నొక్కాడు. గోరు దిగింది.

తనిఖీ పుస్తకం, పెన్ను ఎదురుగానే ఉన్నాయి. నోరు మూసుకుని సంతకం పెడితే చాలు, రెక్క ఆకాశంలో ఊడుతుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసి ఫణికే ఒళ్ళు జలదరించింది. అయినా వెంటనే వదల్లేదు, కాసేపు చప్పరించాడు. చచ్చినవాడికి సిగ్గేముంటుంది? వీడు బతకాలి, బతికి అనుభవించాలి అనుకున్నాడు.

బల్ల మీది సుత్తి తీసుకున్నాడు. ఒక్క దెబ్బకి అతుకు నోరు తెరిచింది.

"రేయ్, పిచ్చెక్కిందా!" అని మానవ్ పరిగెత్తుకొచ్చాడు.

ఫణి విచ్చుకున్న అతుకు చూపించాడు. మానవ్ ఆ సందులో వేలు పెట్టాడు. జిగురు వేలికి అంటుకుంది. వాడి ముఖం పాలిపోయింది.

"చచ్చేవాణ్ణిరా" అన్నాడు. "థాంక్స్ రా ఫణీ."

"నీ థాంక్స్ ఎవడిక్కావాలి?" ఫణి సుత్తి వాడి చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "ఇంకా ముప్ఫై ఎనిమిది అతుకులున్నాయి. నువ్వే పగలగొట్టు. నేను చూస్తాను."