జెండా దించిన బల్ల

“ష్! ఏడవకే బుజ్జీ. బాబాయి వీడియో తీసుకుంటున్నాడు కదా!”

కూతురిని ఒళ్లో పడుకోబెట్టుకుంటూ ఆమె మరిదివైపు చూసింది. ప్రమోషన్ వచ్చిన సంబరంలో అతను ఈ బార్బెక్యూ రెస్టారెంట్‌లో అద్దాల గది బుక్ చేశాడు. బల్ల మధ్యలో బొగ్గుల పొయ్యి, దానిమీద ఊచలకు గుచ్చిన మాంసం. పక్కనే చిన్న జెండా. అది నిలబడి ఉన్నంతసేపూ వెయిటర్ వేడివేడిగా తెస్తూనే ఉంటాడు. దించేస్తే ఇక రాడు.

“వాడు మాటిమాటికీ వస్తుంటే నా స్పీచ్ ఏం కావాలి వదినా?” అంటూ మరిది జెండా దించేశాడు. పొగ లాగే ఫ్యాను రొద పెడుతోందని దాన్నీ ఆపించాడు. తలుపు వేయించాడు.

“కానివ్వరా మహానుభావా, ముక్కలు మాడిపోతున్నాయి,” అన్నాడు ఆమె భర్త.

“నీకెప్పుడూ తిండి గోలే అన్నయ్యా!”

స్పీచ్ సగంలోనే ఆగిపోయింది. “తల దిమ్ముగా ఉంది వదినా,” అని మరిది కుర్చీలో కూలబడ్డాడు.

“సొంత డబ్బా ఎక్కువైతే అంతే...” భర్త నవ్వబోయి, బల్లమీద తల వాల్చేశాడు.

ఆమెకూ కణతలు పోటెత్తుతున్నాయి. గదిలో పొగ లేదు. బొగ్గులు మాత్రం ఎర్రగా, నిశ్శబ్దంగా మండుతున్నాయి. ఆగిన ఫ్యాను. మూసిన తలుపు.

బొగ్గుల విషవాయువు!

“బుజ్జీ! లేమ్మా!” కుదిపింది. పాప మెడ వేలాడిపోయింది.

అరవబోతే గొంతు పెగల్లేదు. లేవబోతే కాళ్లు సహకరించలేదు. అద్దం అవతల వెయిటర్ బల్లలన్నీ చూసుకుంటూ వస్తున్నాడు. ఇటూ చూశాడు. జెండా దించి ఉంది. ముందుకెళ్లిపోయాడు.

ఆమె చెయ్యి చాచింది. మొద్దుబారిన వేళ్లలోంచి జెండా జారిపోయింది. మళ్లీ పట్టుకుని నిలబెట్టింది.

వెయిటర్ వెనక్కి తిరిగాడు. జెండాను చూసి తలూపాడు. వంటగదిలోకి వెళ్లిపోయాడు.

ఊచలు తేవడానికి! అవి కాలేదాకా పాప ఆగుతుందా? బుజ్జి ముక్కు దగ్గర చెంప ఆనించింది. ఊపిరి తగులుతోందో లేదో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది.

“ఏం వడ్డించమంటారు మేడమ్?”

“పాప...”

ఊచలు నేలమీద పడ్డాయి. అతను పాపను ఎత్తుకుని కేకలు పెడుతూ బయటికి పరుగెత్తాడు. ఎవరెవరో వచ్చి మిగిలినవాళ్లను ఈడ్చుకెళ్లారు.

వరండాలో చల్లగాలి. మరిది వాంతి చేసుకున్నాడు. భర్త కళ్లు తెరిచాడు. పాప మాత్రం కదల్లేదు. ఒక క్షణం. ఇంకో క్షణం.

అప్పుడు, చెవులు చిల్లులు పడేలా ఏడుపు.

“ఏడువమ్మా,” అంది ఆమె. “ఇంకా గట్టిగా ఏడువు.”