రెండు కళ్ళ మీదా జారిపడ్డాయన

మూడోనాడు పొద్దున కళ్ళజోళ్ళాయన నిద్ర లేచాడు గానీ ఆయన కళ్ళు తెరుచుకోలేదు. నుదురు ఉబ్బింది, రెండు రెప్పలూ ఉబ్బాయి, మధ్యలో సన్నటి గీతలు మాత్రం మిగిలాయి. "ఏమే, తెల్లారిందా?" అని ఆయన అడిగేసరికి, టీ గ్లాసుతో గదిలోకి వచ్చిన భార్య ఆ గ్లాసు బల్ల మీద పెట్టి, "అయ్యో, అయ్యో" అంటూ మంచం మీద కూలబడింది.

ఆవిడ ఊరికే అయ్యో అనే రకం కాదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే పని చేసి గొంతు అలా స్థిరపడిపోయింది. వంటింట్లో ఉప్పు డబ్బా ఏదని అడిగితే పై అంతస్తులో వాళ్ళు కూడా వెతుక్కుంటారు. బిల్డింగులో అందరూ ఆవిణ్ణి మైకమ్మ అనే పిలుస్తారు. మొహం మీదే పిలుస్తారు, ఆవిడేమీ అనుకోదు.

మొగుడి సంగతి వేరు. ఆయన మాట పక్క మనిషికి వినపడితే గొప్ప. కళ్ళజోళ్ళ షాపులో పని. నాలుగు గోడలకీ అద్దాలే. వచ్చినవాళ్ళకి ఫ్రేము తగిలించి, "చూసుకోండి సార్, మీ మొహానికి బాగా నప్పింది" అన్న ప్రతిసారీ ఆ అద్దంలో వెనకాల తన బట్టతల కూడా మెరుస్తూ ఉంటుంది. పాపం, ఎంతకాలమని ఓర్చుకుంటాడు! నూనెలు రాశాడు, మందులు చల్లాడు, ఆఖరికి మొన్న తల వెనక జుట్టు తీయించి ముందువైపు నాటించుకున్నాడు. షాపులో జ్వరమని చెప్పాడు. ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదని భార్య దగ్గర మాట తీసుకున్నాడు. తల మీద చెయ్యి పెట్టి ఒట్టేయమందామంటే తల ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. అందుకని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

మైకమ్మ ఆయన మొహం ఫొటో తీసి ఆసుపత్రికి పంపి, స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. "కంగారు పడకండి మేడమ్," అంది అవతలి నర్సు. "నుదుటి మీది వాపు కిందికి దిగుతూ కళ్ళ మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. జ్వరం వచ్చినా, చీము పట్టినా, నొప్పి ఎక్కువైనా, చూపులో తేడా ఉన్నా మాత్రం వెంటనే తీసుకురండి."

అంత మాటలోనూ ఆయనకి చీము ఒక్కటే వినపడింది.

"తల వెనకంతా మొద్దుబారిపోయిందే. గిచ్చినా తెలియట్లేదు," అన్నాడు.

"గిచ్చడం దేనికి? ఊరికే ఉండలేవూ?"

"నాటిన జుట్టు కూడా నెల తిరక్కుండా రాలిపోతుందట."

"రాలి మళ్ళీ వస్తుందని డాక్టరు చెప్పాడుగా. నాటిన మర్నాడే కోతలు కోస్తారా ఎక్కడైనా? నవ్విన నాపచేనే పండుతుంది, చూస్తూండు."

"అది సరేనే. జుట్టు నిలవడానికిచ్చిన ఆ మాత్రలున్నాయి చూడూ..." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "వాటితో కొంతమందికి మగతనం తగ్గుతుందట. ఫోన్లో చదివాను."

"ముందు ఆ ఫోన్ ఇలా ఇవ్వు," అని లాక్కుంది. "కళ్ళు రెండూ మూసుకుపోయినా చదువులు మాత్రం మానవు. రేపు డాక్టర్నే అడుగుదాం. నీకు సిగ్గైతే నేను అడుగుతా."

"నువ్వు మాత్రం అడక్కు తల్లీ. ఆసుపత్రంతా వింటుంది."

ఆవిడ నవ్వింది గానీ లోపల భయంగానే ఉంది. పడుకున్నంతసేపూ తల ఎత్తుగా ఉండేలా దిండ్లు సర్దింది, నాటిన చోట ఉప్పునీటి స్ప్రే కొట్టింది, జ్వరం చూసింది. లేదు. తలుపు ఎవరు కొట్టినా తీయొద్దని పదిసార్లు చెప్పి డ్యూటీకి పోయింది.

అసలు ముందురోజు సాయంత్రమే బిల్డింగు చెవులు నిక్కబొడుచుకుంది. నాటిన చోట దురద. గోకితే కుదుళ్ళు ఊడొస్తాయి. ఆయన చెయ్యి తెలియకుండానే పైకి లేవడం, ఈవిడ కేకెయ్యడం. "చెయ్యి తియ్! తీస్తావా విరగ్గొట్టనా? ఇంకోసారి లేచిందో, చూడు!" ఆవిడ ప్రేమ అంతా ఆ గొంతులోనే వస్తుంది, ఏం చేస్తాం. ఇక ఈ రోజు నీళ్ళ క్యాన్లవాడు బెల్లు కొడితే ఆయన అలవాటు కొద్దీ వెళ్ళి తలుపు తీశాడు. తల మీద టోపీ ఉంది గానీ మొహానికి మూత లేదు. వాడు క్యాను అక్కడే దించేసి, "ఏంటి సార్ ఇదీ! అమ్మగారేనా?" అన్నాడు. ఈయన ఔననలేదు, కాదనలేదు. "ఏం లేదులే, వెళ్ళు," అన్నాడు. ఇంకేముంది! ప్రతి గడప ముందూ క్యానుతో పాటు ఆ వార్త కూడా దిగింది.

సాయంత్రం మైకమ్మ ఇంటికొచ్చేసరికి హాల్లో పంచాయితీ కొలువుదీరి ఉంది. ఎవరు కబురు పెట్టారో గానీ ఆడపడుచు ఆటో కట్టించుకుని మరీ వచ్చి, సోఫాలో తమ్ముడి పక్కన కూర్చుంది. ఎదురుగా బిల్డింగు అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైన మాస్టారు. కిటికీ దగ్గర పై అంతస్తు మేనేజరు, చొక్కా నలగని మనిషి. అతని భార్య లోపలికి రాకుండా, చున్నీ చెంప మీదికి లాక్కుని గుమ్మం అవతలే నిలబడింది. కళ్ళజోళ్ళాయన టోపీ, షాపు నుంచి తెచ్చుకున్న నల్ల కళ్ళద్దాలూ పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"రా తల్లీ, రా," అంది ఆడపడుచు. "మా అమ్మ కూడా వీడి మీద చెయ్యెత్తలేదు. నువ్వు ఏకంగా రెండు కళ్ళూ మూసేశావు. చేతులెలా వచ్చాయే నీకు?"

"మీ తమ్ముణ్ణే అడగండి వదినా."

"అడిగాం. నోరు విప్పితేనా? ఎంత బెదరగొట్టావో!"

మైకమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఒళ్ళో చేతులు జోడించి, తల అడ్డంగా ఊపాడు. చెప్పకే, నీకు దణ్ణం పెడతా అన్నట్టు. ఆవిడకి కడుపు మండిపోయింది. నాలుగు వెంట్రుకల కోసం కట్టుకున్నదాన్ని రాక్షసిని చేస్తావా? ఆ టోపీ ఒక్కటి లాగిపారేస్తే చాలు, తన పేరు దక్కుతుంది. లేకపోతే రేపటి నుంచి మెట్ల మీద, బస్టాండులో, ఎక్కడికెళ్ళినా మొగుణ్ణి కొట్టే మనిషి అనే అంటారు. కానీ ఇచ్చిన మాట ఒకటుంది.

"మర్యాదస్తులుండే బిల్డింగండీ ఇది," అన్నాడు మేనేజరు. "కట్టుకున్న మనిషి మీద చెయ్యి చేసుకోవడమేంటండీ? సంస్కారం ఉండొద్దూ? కేసవుతుంది, తెలుసా?"

దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. ఆ నీతులు ఎవరి నోటి నుంచి వస్తున్నాయో తలకెక్కడానికి మైకమ్మకి కాస్త టైము పట్టింది. గుమ్మం అవతలి అమ్మాయిని చూసింది. పోయిన నెల ఆ అమ్మాయి కన్ను ఇంత లావున వాచి నల్లబడింది. ముందు రాత్రి పైన గిన్నెలు విసిరిన చప్పుడూ, ఏడుపూ అందరూ విన్నారు. అడిగితే, "బాత్రూంలో జారానక్కా" అంది. మైకమ్మ సెక్రటరీ దగ్గరికి వెళ్తే, "మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకమ్మా" అని తలుపేసుకున్నాడాయన.

"మా ఆయన బాత్రూంలో జారిపడ్డాడండీ," అంది మైకమ్మ.

సెక్రటరీ నవ్వాడు. "రెండు కళ్ళ మీదా జారిపడతారా అమ్మా ఎవరైనా?"

"ఒక కంటి మీదైతే పడొచ్చా మాస్టారూ? పోయిన నెల ఈ అమ్మాయి పడింది కదా. అప్పుడు మీరు నమ్మారు కదా. మా ఆయన ఇంకో కన్ను ఎక్కువ పడ్డాడు, అంతే."

సెక్రటరీ నవ్వు మాయమైంది. మేనేజరు కాలరు సర్దుకున్నాడు. "అది మా ఇంటి విషయం. దాన్ని ఇందులోకి లాగకండి."

"ఇది మా ఇంటి విషయం కాదేం? మా హాల్లో మీకేం పని? మగాడి కన్ను వాస్తే పంచాయితీ, ఆడదాని కన్ను వాస్తే బాత్రూమా?" మైకమ్మ బ్యాగు తీసి బల్ల మీద కొట్టింది. "సరే, వినండి. ఈయన జారలేదు. కొట్టింది నేనే. ఇదిగో, ఈ చేత్తోనే. నిన్నటి కేకలు విన్నారుగా? సొంత మొగుడికే ఈ గతి పట్టించినదాన్ని, పరాయి మగాణ్ణి వదులుతానా? పైన ఇంకొక్కసారి చప్పుడైందో, మెట్లెక్కి వస్తా మేనేజరు గారూ. సెక్రటరీ గారి పర్మిషన్ అడిగి రాను."

"విన్నారా! తనే ఒప్పుకుంది!" అంది ఆడపడుచు.

కళ్ళజోళ్ళాయన లేచి నిలబడ్డాడు. ఆలస్యంగానైనా పౌరుషం వచ్చింది పాపం. "అక్కా, అది కాదు. దాని తప్పేమీ లేదు. నేనే..." అంటూ టోపీ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"చెయ్యి తియ్!" అని అరిచింది మైకమ్మ. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. మేనేజరు ఒకడుగు వెనక్కి వేసి కిటికీకి ఆనుకున్నాడు.

ఆయన చెయ్యి దించాడు. నల్ల కళ్ళద్దాలు తీసి, ఉబ్బిన రెప్పల సందులోంచి ముందు భార్యని చూశాడు, తర్వాత గుమ్మం దగ్గరి అమ్మాయిని, తర్వాత కిటికీకి అతుక్కుపోయిన మేనేజర్ని. ఆయన మొహం చూసి సెక్రటరీ "అమ్మో" అన్నాడు. బట్టతల చూసి ఎవరేమంటారో అని కుమిలిపోయిన మనిషి ఇప్పుడు ఏ మాటకి సిద్ధపడుతున్నాడో మైకమ్మకి అర్థమైంది. ఆవిడకి ఆయన మీద ఉన్న కోపమంతా ఎటో పోయింది.

"అవునక్కా, కొట్టింది," అన్నాడాయన. ఆ గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా వచ్చింది. "పిడికిలి బిగించి కొట్టింది. మేనేజరు గారూ, మీ మంచికే చెబుతున్నా. ఇది మెట్లెక్కిందంటే ఆపడం నా వల్ల కాదు. ఆపను కూడా. వెనకాలే నేనూ వస్తా."

"పిచ్చోళ్ళ కొంప," అని గొణిగి మేనేజరు గుమ్మం వైపు నడిచాడు. భార్య మొహం ముందు చిటికె వేసి, "పద పైకి," అన్నాడు.

ఆ అమ్మాయి కదల్లేదు. చున్నీ వదిలేసింది. కంటి కింద పాత కమిలిన మచ్చ పసుపచ్చగా మానుతోంది. దాని పక్కనే కొత్తది ఎర్రగా ఉంది.

"నేను రాను," అంది.

మైకమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. మేనేజరు బయటికి దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. అతని వెనకే సెక్రటరీ కూడా, ఎవరి మొహమూ చూడకుండా, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఆడపడుచు తమ్ముడి కళ్ళనీ, ఆ పిల్ల కంటినీ మార్చి మార్చి చూసి సోఫాలోంచి లేచింది.

"ఐసు ఎక్కడ పెట్టావే?" అని మరదల్ని అడిగింది. "నీ సంగతి తర్వాత తేలుస్తా. వీడికేం, చచ్చేవాడు కాదు. ముందు ఈ పిల్లకి కావాలి."