ఫ్లానెల్ ఉచ్చు

"ఇంకొంచెం గట్టిగా," అన్నాడు లెస్ పెన్‌గెల్లీ.

బొచ్చు కత్తిరించే మిషన్ మీద అతను చెయ్యి పెట్టి ఉంచితే, నోలా ఫ్లానెల్ పేలికను రెండింటికీ కలిపి చుట్టి ముడివేసింది. చెయ్యి దూర్చడానికీ లాగడానికీ సరిపడా ఉచ్చు. అతని కుడిచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ ఏడేళ్ళ క్రితమే అరచేతిలోకి ముడుచుకుపోయాయి. తక్కిన మూడూ ఈ శీతాకాలం మొద్దుబారాయి. మిషన్ వేడెక్కి చర్మం కాలితే ముందు వాసన వస్తుంది, ఆ తరువాతే అది తన చెయ్యని తెలుస్తుంది.

"ఇదే ఆఖరు. మళ్ళీ అడిగావంటే చీపురు తిరగేస్తా," అంది నోలా. ఆమె పని రాలిన ఉన్ని ఊడ్చడం.

"ఈ షెడ్డులో గొర్రెలు అయ్యేదాకానే."

"పోయిన షెడ్డులోనూ అదే కూశావు."

మిషన్ పళ్ళు గొర్రె తోలులో ఇరుక్కుంటే మిషనే పాములా ఎగురుతుంది. అప్పుడు చెయ్యగలిగింది వదిలేయడమే. చెయ్యి కట్టుకున్నవాణ్ణి ఏ మేస్త్రీ ఉంచుకోడు. వచ్చే షెడ్డుకు మనుషుల్ని హాకెట్ మేస్త్రీ ఈ సాయంత్రమే ఎంచుతాడు.

టీ వేళకు లెస్ మగ్గు ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఏంటి తాతా, కుడిచెయ్యి సెలవు పెట్టిందా?" అన్నాడు డూలన్. ఇద్దరూ గొర్రెల్ని పట్టుకొచ్చేది ఒకే దొడ్డిలోంచి.

"నీ చెంప కోసం అట్టేపెట్టా."

అందరూ నవ్వారు, లెస్ కూడా. నవ్వుతూనే ఒళ్ళో పడుకున్న చేతిని చూసుకున్నాడు. ముప్పైనాలుగేళ్ళుగా అతను ఆలోచించాల్సినవన్నీ అదే ఆలోచించింది. భార్య మోరీన్ ఇల్లు వదిలి వెళ్ళిన మర్నాడు కూడా, అతనికి ఏం చెయ్యాలో తోచకముందే, అది గొర్రెను పట్టుకుంది. ఇప్పుడది ఆలోచించడం మానేసింది. ఆ ఖాళీలో ఏముందో చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు.

సాయంత్రం దొడ్డిలో రెండు గొర్రెలే మిగిలాయి. డూలన్ నున్నటిదాన్ని లాక్కుపోయాడు. "పెళ్ళికూతురు నీకే తాతా!" మెడనిండా ముడతలతో, పొద్దుటినుంచీ అందరూ తప్పించుకున్న మొండి పొట్టేలు అది.

పని ఆపే గంట మోగడానికి అర నిమిషం ఉంది. నడుం నిమురుకుంటూ నిలబడితే అది రేపటికి మిగిలేది. గంటకు ముందు పట్టినదాన్ని మాత్రం, అందరూ ఆగి చూస్తున్నా, పట్టినవాడే పూర్తిచెయ్యాలి. హాకెట్ గుమ్మంలో ఉన్నాడు. లెస్ దొడ్డిలోకి వెళ్ళి పొట్టేలును ఈడ్చుకొచ్చాడు.

గంట మోగింది. ఒక్కొక్క మిషనే ఆగిపోయింది. అతనిది ఒక్కటే తిరుగుతోంది. పొట్ట, తొడ, వెన్ను అయ్యాయి. మెడ ముడతలో పళ్ళు ఇరుక్కున్నాయి.

మిషన్ ఎగిరింది. దానితోపాటు చెయ్యీ. ఎండుపుల్ల విరిగిన చప్పుడు.

డూలన్ ఉరికి తాడు లాగి మిషన్ ఆపాడు. పొట్టేలు సగం బొచ్చుతో మూలకు పరుగెత్తింది. లెస్ తన మణికట్టు తిరిగిపోయిన వైపు చూశాడు. నొప్పి లేదు. అతన్ని వణికించింది అదే.

హాకెట్ వంగి ఉచ్చును చూశాడు. "ఎవరు కట్టారు?"

"నేనే."

"ఒంటిచేత్తోనా?"

నోలా చీపురు పుల్లల్లోకి చూస్తూ నిలబడింది.

హాకెట్ నిట్టూర్చాడు. "పద లెస్, ఆస్పత్రికి. నీ సామానంతా డూలన్ సర్దుతాడు."

సామానంతా అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. లెస్ ఎడమచెయ్యి చాచాడు. డూలన్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ట్రక్కు దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. పొట్టేలు మెడ మీద మిగిలిన బొచ్చు డూలనే కత్తిరించాడు.

మర్నాడు ఆ చోటికి కొత్తమనిషి వచ్చాడు. తువ్వాలు వేద్దామని మేకు వైపు చెయ్యి చాపి ఆగాడు. నోలా తగిలించిన ఫ్లానెల్ ఉచ్చు అక్కడ వేలాడుతోంది, ముడి విప్పకుండానే, ఉన్ని జిడ్డుకు బిరుసెక్కి, ముడుచుకున్న రెండు వేళ్ళ మేర ఒకవైపు సొట్టపడి.