సగం బెజ్జాలు

హనుమంతరావు పొద్దున్నే కాఫీ తాగి, వెనక వసారాలో సైకిలు పుల్ల అరగదీస్తూ కూర్చుంటాడు. కొస సుత్తితో చదును చేసి, ఆకురాయితో పదును పెట్టి డ్రిల్లు మిషనుకు బిగిస్తే చెక్కకి బెజ్జం పడుతుంది. అతని దగ్గర మిషనుకు బిగించే బిట్లు లేవు మరి.

అంగలకుదురులో హనుమంతరావూ తమ్ముడూ విడిపోయినప్పుడు పెద్దమనుషులు మరీ న్యాయంగా పంచారు. ఇంటి మధ్య గోడ లేచింది. డ్రిల్లు మిషను అన్నకి, బిట్ల పెట్టె తమ్ముడు ప్రసాద్‌కి వచ్చాయి. ప్రసాద్ ఎవరిదో చేతి మిషను అడిగి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఇద్దరిలో ఎవరు బెజ్జం వేసినా సరిగ్గా సగం లోతే దిగేది. పలచటి చెక్కయినా సగమే, దూలమైనా సగమే. తెనాలి నుంచి ఎవరైనా కొత్త బిట్లు తెచ్చిచ్చినా అంతే. ఊళ్ళోవాళ్ళు దానికేం ఆశ్చర్యపోలేదు. చెక్కకి ఇక్కడ ఒకవైపు వేయించుకుని, గోడ చుట్టూ తిరిగివెళ్ళి ప్రసాద్ దగ్గర రెండోవైపు వేయించుకునేవారు. అన్నదమ్ములకి మాత్రం మూడేళ్ళుగా మాటల్లేవు.

శ్రావణంలో హనుమంతరావు భార్య కోటిరత్నం జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషను చేశారు.

"ఈ నెలలో ఏదో ఒకటి పట్టుకుని నడవాలండి. లేకపోతే ఇక మంచమే," అన్నాడు డాక్టరు.

మంచం దగ్గర్నుంచి వంటింటిదాకా ఆ మధ్యగోడకే పైపు బిగించాలి. ఒంటి ఇటుక గోడ, మేకులు నిలవవు. బోల్టు అవతలిదాకా వెళ్ళాలి. హనుమంతరావు పాత స్క్రూడ్రైవరు కాడ అరగదీసి మొదలుపెట్టాడు. మొదటి బెజ్జం సగంలో ఆగింది. అక్కడే కూలబడ్డాడు.

"తమ్ముణ్ణి పిలవండి," అంది కోటిరత్నం.

"నాకు నోరు రాదే."

అత్తగారు పోయాక పదేళ్ళ ప్రసాద్‌ని పెంచింది ఆమే. గోడవైపు తిరిగి గట్టిగా అడిగింది.

"ప్రసాదూ, అన్నం తిన్నావా?"

రెండోసారి అడిగేసరికి ఆమెకి ఏడుపొచ్చింది.

కాసేపటికి అవతల గరగరమని చప్పుడైంది. బెజ్జంలోంచి ఇటుక పొడి రాలి, వెనకే బోల్టు కొస బయటికొచ్చింది. హనుమంతరావు నట్టు బిగించాడు. సాయంత్రానికి ఎనిమిది బెజ్జాలు. ఎవరూ కొలవలేదు, ఒక్కటీ పక్కకి పోలేదు.

మర్నాడు కోటిరత్నం పైపు పట్టుకుని లేచింది. నొప్పికి కళ్ళనీళ్ళు కారుతున్నా నాలుగడుగులు వేసింది. గుమ్మంలో ప్రసాద్, చంకలో బిట్ల పెట్టె.

"పైపు ఆగిందా అన్నయ్యా?"

హనుమంతరావు తలూపాడు.

"నిన్న అడిగితే చెప్పవేంట్రా? తిన్నావా?" అంది కోటిరత్నం.

"లేదొదినా."

"రా మరి."

ఆమె పైపు పట్టుకుని వంటింటివైపు తిరిగింది. తూలితే పట్టుకోడానికి చేతులు చాచి, అన్నదమ్ములిద్దరూ వెనకే ఆమెంత నెమ్మదిగా నడిచారు.